పెద్దనాన్న పుచ్చుకున్న ఫ్రెంచి తీర్థం

ఆ రోజుల్లో గోదావరి దాటితే దేశం మారిపోయేది. ఇవతల మా మురమళ్ళ, అవతల ఫ్రెంచివాళ్ళ యానాం, మధ్యన ఎదుర్లంక రేవులో పడవ. అంత సులువుగా పరదేశం వెళ్ళొచ్చే భాగ్యం ఎందరికుంటుంది చెప్పండి. యానాంలో మేనత్తగారింట ఉండి చదువుకున్న పుణ్యాన నాకు నాలుగు ముక్కలు ఫ్రెంచి అబ్బింది. (నాలుగంటే నాలుగే. అయిదోదానికి చేతులు తిప్పేవాణ్ణి.) ఆ ధైర్యంతోనే అక్కడి కచేరీలో దుబాసీ ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. నన్ను కన్నకొడుకులా పెంచిన పెద్దనాన్నకి ఆ సంగతి తెలిసి, కచేరీ పెద్దదొరని ఏకంగా భోజనానికి పిలిచేశారు. ఉద్యోగం ఇచ్చేదీ మానేదీ ఆ దొరే.

దొరగారు సంచిలో ఎర్ర ద్రాక్షసారా సీసాతో దిగారు. (మా వైపు మద్యనిషేధం. అయినా దొరగారి సంచి తడిమే మొనగాడు రేవులో లేడు.) వేటమాంసం కూరతో అది బ్రహ్మాండంగా కుదురుతుందని చెప్పి, ముందు కాసేపు గాలి తగలాలంటూ మూత తీసి అరుగు మీద పెట్టించారు. ఈగలు వాలతాయని పెద్దమ్మ దానిమీద తడిగుడ్డ కప్పేసింది. అదెలా ఉన్నా, నా భయం పెద్దనాన్న గురించి. కల్లుపాక ఉన్న దారిన కూడా నడవని మనిషి. ఆయన వద్దంటే దొరకి చిన్నతనం, దొరకి చిన్నతనమైతే నా ఉద్యోగం గోదాట్లో కలిసినట్టే.

పెద్దనాన్న సీసా కేసి అదోలా చూస్తూంటే ఏమిటని అడిగారు దొర. ఇది బజారు సరుకు కాదు, మా అన్నగారి తోటది అని మళ్ళీ దొరే అందుకున్నారు. ఆ తోటలో కొట్లో కొన్న మందులు వెయ్యరట. ఆవుకొమ్ములో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తీసి, నీళ్ళలో కలిపి చల్లుతారట. చంద్రుణ్ణి చూసుకునే నాటడం, కొయ్యడం. నాకొచ్చిన ముక్కలన్నీ ఊడ్చి అదంతా తెలుగులో పెట్టాను.

"ఆవుపేడా, తిథులూనా?" అన్నారు పెద్దనాన్న, మొహం విప్పారి. "మరా మాట ముందు చెప్పవేంట్రా. కానియ్యమను దొరగార్ని."

భోజనాల దగ్గర దొర గాజుగ్లాసు అడుగున రవ్వంత పోసి పెద్దనాన్న ముందుంచారు. యజమాని రుచి చూసి బాగుందంటేనే మిగతావాళ్ళకి పొయ్యడం వాళ్ళ ఆచారం. ఆ రవ్వంత చూడగానే పెద్దనాన్నకి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. గ్లాసు పక్కకి జరిపి, లేచి నిలబడి, కుడి అరచెయ్యి గుంటగా ముడిచి, కింద ఎడమచెయ్యి ఆనించి ముందుకు చాచారు. దొర నా వంక చూశారు, నేను కూర వంక చూశాను. చివరికి దొర ఆయన అరచేతిలోనే పోశారు. పెద్దనాన్న కళ్ళు మూసుకుని పుచ్చుకుని, తడిచెయ్యి తలకి రాసుకున్నారు. వెనకే పెద్దమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని చెయ్యి చాచింది. ఆవిడ వెనక పాలేరు, అతని వెనక అతని పెళ్ళాం. సగం సీసా అలాగే అయింది.

ఎలా ఉందో కనుక్కోమన్నారు దొర.

"వగరుగా ఉందండి, ఆయ్. నేరేడుపండు తిన్నట్టు," అన్నారు పెద్దనాన్న. "రెండు తులసాకులు వేస్తే బాగుణ్ణని చెప్పరా."

తులసి మాట నేను మింగేశాను. కానీ చేతుల్లో ఎందుకు తాగుతున్నారని దొర అడిగితే తప్పించుకోవడం ఎలా? దేవుడి దగ్గర్నుంచి వచ్చినదాన్ని మేం ఇలాగే పుచ్చుకుంటామని ఉన్నదున్నట్టు చెప్పాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. "మా అన్నయ్యకి చెప్పాలి, ఎంత సంతోషిస్తాడో," అని దొర తన చెయ్యి చాచి నన్ను పొయ్యమన్నారు.

ఉద్యోగం వచ్చింది. కొత్తబట్టలు కుట్టించుకుని చేరాను. నా కుర్చీ వేడెక్కకముందే ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోయారు, దుబాసీతో ఎవరికీ పని లేకపోయింది. ఏడుపు మొహంతో ఇంటికొస్తే పెద్దనాన్న, "పోనీలేరా. ఆ పూట దొరగారు కడుపునిండా తిన్నారు, అంతే చాలు," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా బతుకు సంగతి ఈయనకి పట్టదనుకుని చాలారోజులు ముభావంగా తిరిగాను. ఇప్పుడు ఆయన వయసు నాకూ వచ్చింది. ఆ చిటపటలాడే కుర్ర దుబాసీ ఇవాళ మా గుమ్మంలోకి వస్తే, ఉద్యోగం ఊసెత్తకుండా ముందు కూర్చోబెట్టి అన్నం పెడతాను.