చిలకమ్మ ఒకటో తారీకు

ఈ రోజు పొద్దున్న డుంబ్రిగుడ దగ్గర ఓ ఊళ్లో గర్భిణులను చూడ్డానికి వెళ్లాను. నేను నర్సుని. చిలకమ్మ పేరు కొట్టగానే ట్యాబ్‌లో ఎర్రగా వచ్చింది: కాన్పు గడువు దాటిపోయింది! నేను పైకి చదివేసరికి ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అంబులెన్సుకి ఫోన్ చేయబోతుంటే వాళ్లత్త అడ్డొచ్చింది.

"ఆఖరి నెలసరి ఎప్పుడని రాసినావు మేడం?"

"డిసెంబరు ఒకటి."

"అదేటి! కిరస్మస్ ముందు సంతలో దీనికి నానే ఎర్ర గాజులు ఏయించినాను. ఆ మర్నాడే ఇది బయట సేరింది."

క్యాలెండర్ చూస్తే మూడు వారాల తేడా! ఆస్పత్రికి తీసుకెళ్లి డాక్టరుగారికి చూపిస్తే అత్త లెక్కే సరి, ఇంకా టైముందన్నారు. చిలకమ్మ అప్పుడు నవ్వింది.

తప్పు నాదే. మొదటిసారి అడిగినప్పుడు చిలకమ్మ "డిసెంబరులో" అని మాత్రమే అంది. తారీకు లేకపోతే ట్యాబ్ ముందుకెళ్లదని ఒకటి కొట్టేశాను. యాప్‌లు చేసేవాళ్లెవరైనా ఉంటే, "సుమారుగా" అని ఒక్క గడి పెట్టండి బాబూ. అంతవరకూ నా స్థానంలో మీరైతే ఏం కొడతారో చెప్పండి. ఇంటికొచ్చి చూసుకుంటే, నా లిస్టులో ఇంకో పదకొండు మందికి ఒకటో తారీకే ఉంది. రేపు వాళ్లందరి అత్తలనూ కలవాలి.