నర్సమ్మ అనని మాట

మానసిక వైద్య జర్నల్ నుంచి మెయిల్ వచ్చే వేళకు షైని స్టాఫ్ రూములో కూర్చుని రికార్డు పుస్తకాలు దిద్దుతోంది. ఫోనులోనే తెరిచి చదివింది. ఇప్పుడున్న రూపంలో వ్యాసాన్ని వేసుకోలేమనీ, సమీక్షకులు అడిగిన వాటికి జవాబులు రాసి, సవరించి, అరవై రోజుల్లో మళ్లీ పంపవచ్చనీ ఉంది. కింద పంతొమ్మిది ప్రశ్నలు. సంతోషించాలో ఏడవాలో తోచక ఇంకో రికార్డు పుస్తకం ముందుకు లాక్కుని దాన్నీ దిద్దేసింది.

షైనిది మేడ్చల్. నాయిన యేసయ్య దర్జీ. కూతుర్ని నర్సింగ్ చదివించాడు. తొమ్మిదేళ్లు వార్డుల్లో నిలబడి నిలబడి కాళ్లలో నరాలు ఉబ్బాక ఆమె కండ్లకోయ దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో చేరింది. అక్కడ మానసిక రోగుల సేవ గురించి పాఠం చెప్పబట్టి పదకొండేళ్లు. భర్త శాంసన్ అదే కాలేజీ బస్సు నడుపుతాడు. పొద్దున ఆ బస్సులోనే పోవడం, సాయంత్రం ఆ బస్సులోనే రావడం. కిటికీకి తల ఆనించిందంటే ఔటర్ రింగురోడ్డు దాటకముందే నిద్ర పట్టేది.

ఇంట్లో ఈ ఇద్దరితో పాటు తమ్ముడు జాషువా ఉంటాడు. షైని కంటే మూడేళ్లు చిన్న. ఐటీఐ రెండో సంవత్సరంలో ఉండగా వాడికి ఎవరివో మాటలు వినిపించడం మొదలైంది. ఒకసారి హైవే పట్టుకుని నడుస్తూ పోయి నాలుగు రోజులకు తూప్రాన్ అవతల దొరికాడు. అది జరిగి పద్దెనిమిదేళ్లు. ఇప్పుడు మాత్రల మీద నిమ్మళంగానే ఉంటాడు. శనివారం సాయంత్రం చర్చిలో కుర్చీలు వేస్తాడు, ఇంట్లో కూరగాయలు తరుగుతాడు. స్నానానికి నాలుగుసార్లు చెప్పాలి. మాత్ర వేసుకున్నాక నోరు తెరిపించి చూడాలి. తల్లి మరియమ్మ పోయినప్పటి నుంచి ఇవన్నీ షైనివే.

కాలేజీలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. చేరిన కొత్తలో ఎవరో తమ్ముడేం చేస్తాడని అడిగితే, "ఇంటి దగ్గరనే ఏదో బిజినెస్" అంది. అంతే, ఆ మాటే నిలిచిపోయింది. శాంసన్ కూడా బస్ షెడ్డులో ఎప్పుడూ నోరు జారలేదు.

ప్రమోషన్ కావాలంటే పేరున్న జర్నల్‌లో ఒక వ్యాసమైనా రావాలని కాలేజీలో రూలు పెట్టారు. మానసిక రోగిని ఇంట్లో పెట్టుకుని చూసుకునే ఆడవాళ్ల మీద రాస్తానని షైని అంది. అత్వెల్లి నుంచి శామీర్‌పేట అవతలి ఊళ్ల దాకా ఇరవై రెండు మందిని వెతికి పట్టుకుంది. రెండేళ్లు ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఆరాధన కాగానే స్కూటీ మీద బయలుదేరి, ఒక్కొక్కరి దగ్గర గంటా గంటన్నర కూర్చుని, వాళ్లు చెప్పింది ఫోనులో రికార్డు చేసుకునేది. గంట మాటను కాగితం మీదికి దించడానికి ఆరేడు గంటలు పట్టేది. ఆ తర్వాత అదంతా ఇంగ్లీషులోకి.

మొదట పంపిన జర్నల్ మూడు రోజుల్లో వద్దంది. రెండోది ఐదు నెలలు ఉంచుకుని వద్దంది. ఇది మూడోది.

వ్యాసంలో రెండో పేరు విభాగాధిపతి శ్రీనివాస్ గారిది. మంచివాడే. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, దేనికీ పెద్దగా కదలడు. ప్రశ్నల కాగితం చదివి కళ్లజోడు తీశాడు.

"కొట్టెయ్యలే కద మేడం, అదే గొప్ప. జల్దీ జవాబులు రాసి పంపెయ్యండి. ఎక్కువ తవ్వద్దు."

చాలా ప్రశ్నలు పట్టికల గురించి, అంకెల గురించి. రెండు మాత్రం అలాంటివి కావు. ఏడో ప్రశ్న: 'వ్యాసమంతటా భారం అనే మాట వాడారు. ఈ స్త్రీలు తమ భాషలో అన్న మాట ఏది? మీరు రాసింది వాళ్లకు చదివి వినిపించారా?' పదహారో ప్రశ్న: 'పరిశోధకురాలికి ఈ విషయంతో సొంత అనుభవం ఏదైనా ఉందా? ఒక్క వాక్యంతో సరిపెట్టక స్పష్టంగా రాయండి.'

పదహారో ప్రశ్నను ఆమె పక్కన పెట్టింది. ఏడో దానికని ఆ ఆదివారం అత్వెల్లి పోయింది.

అత్వెల్లిలో రోడ్డు పక్కన నర్సమ్మ మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. భర్త కుర్మయ్యకు పెళ్లయిన ఆరేళ్లకు మతి చెదిరింది. ఇరవై ఏళ్లుగా ఆయన్ని ఇంట్లో ఒక్కణ్నే వదలలేక బండి దగ్గరికే తెచ్చుకుని కుర్చీలో కూర్చోబెట్టుకుంటుంది. వచ్చేపోయే లారీలను చూస్తూ ఆయన తనలో తాను ఏదో అనుకుంటూ ఉంటాడు.

"రా బిడ్డా, మస్తు దినాలాయె. గింత బక్కగైనవేంది?" అంది నర్సమ్మ, స్టూలు జరిపి.

షైని కాగితాలు తీసింది. "నువ్వు చెప్పింది రాసిన పెద్దమ్మా. ఒకసారి ఇను. తప్పుంటే చెప్పు." ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ చదివింది. "నా భర్త నాకు భారమయ్యాడు. ఇరవై ఏండ్ల నుంచి ఆ భారాన్ని మోస్తున్నాను."

నర్సమ్మ చేతిలో విసనకర్ర ఆగింది. "గది నేనన్ననా?"

"అన్నవు కద, పెద్దమ్మా."

"భారమని నేనెందుకంట?" నర్సమ్మ కుర్మయ్య వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "బేజారైతదన్న. పొద్దుగాల లేస్తె గదే, పొద్దూకితె గదే. యాష్టకొస్తదన్న. పానం గుంజుతదన్న. గది నాకైతది, నా పానానికి. ఆయన బరువని నేననలే బిడ్డా. బరువైతే ఏనాడో దించుకుందును. గా మాట ఆయన ఇంటె ఏమనుకుంటడు?"

షైని కాగితాలు మడిచి సంచిలో పెట్టింది. నర్సమ్మ ఒక కంకి కాల్చి చేతిలో పెడితే తీసుకుంది. సగం తిన్నాక, ఇంటికి పోయి రికార్డు మళ్లీ వింటానంది.

ఇంటికి పోయి వింది. నలభై మూడో నిమిషం దగ్గర తన గొంతే వినిపించింది, పాఠం చెప్పేటప్పటి గొంతు. "మరి ఆయన మీకు భారంగా అనిపిస్తున్నాడా?" తర్వాత కొంచెంసేపు లారీల చప్పుడు. ఆ తర్వాత నర్సమ్మ: "ఆ... గట్లనే అనుకో బిడ్డా."

అడగవచ్చిన మేడం మాట కాదనలేక అన్న మాట అది. దాన్ని రెండు వాక్యాలు చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, నర్సమ్మదని రాసింది తనే.

ఆ మర్నాటి నుంచి ఇరవై రెండు రికార్డులూ మొదటి నుంచి వినడం మొదలుపెట్టింది. బస్సులో పోతూ ఒక చెవిలో, వస్తూ ఒక చెవిలో, మధ్యాహ్నం లైబ్రరీ మూల కూర్చుని రెండు చెవుల్లో. భారం అనే మాట వచ్చిన చోటల్లా ముందు ఎవరన్నారో కాగితం మీద గీత గీసుకుంది. ముగ్గురు తమంతట తామే అన్నారు. పద్నాలుగు మంది దగ్గర ముందన్నది షైని. మిగిలిన ఐదుగురు ఆ మాటే ఎత్తలేదు. యాష్ట, బేజారు, పరేషాన్, నిద్ర లేదు, ఒక్కదాన్నే, ఎవలకు చెప్పుకోవాలె — ఇవీ వాళ్ల మాటలు. ఇన్నాళ్లూ వాటన్నిటినీ ఒక్క గంపలో పోసి పైన ఒకే చీటీ అంటించింది.

నాలుగు వారాలు పట్టింది. కళ్ల కింద నల్లబడింది. ఒకరోజు తరగతిలో బోర్డు వైపు తిరిగి, ఏం రాయబోయిందో మరిచిపోయి నిలబడిపోయింది. పిల్లలు నవ్వలేదు, అదే ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది.

"మళ్ల మొదటి నుంచి రాస్తరా?" శ్రీనివాస్ గారు నమ్మలేనట్టు అడిగాడు. "భారమన్నది ప్రపంచమంతా వాడే మాట మేడం. దాని మీద పుస్తకాలకు పుస్తకాలున్నయి."

"ఉండనియ్యండి సార్. వీళ్లు వాడలే."

ఆయన గడువు ఇంకో నెల పెంచమని జర్నల్‌కు రాసిపెట్టాడు.

వ్యాసం పేరు మారింది. పట్టికలు మారాయి. పద్దెనిమిది ప్రశ్నలకు జవాబులయ్యాయి. పదహారోది మిగిలింది. మొదటిసారి పంపినప్పుడు ఆ సంగతి రాయాల్సిన చోట, 'పరిశోధకురాలికి వృత్తిపరమైన పరిచయం తప్ప ఈ విషయంతో వేరే సంబంధం లేదు' అని రాసింది. ఏదో వ్యాసంలో చూసి ఎత్తిరాసిన వాక్యం. అలవాటైన అబద్ధం అది.

ఇప్పుడు దాన్ని మళ్లీ చదివింది. పద్నాలుగు మంది ముందు ఆ మాట తన నోటి నుంచే ఎందుకు వచ్చిందో ఆమెకు తెలిసిపోయింది. అమ్మ చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, "ఈ భారమంతా నా మీదనే పెట్టి పోతున్నవా" అనుకున్న మనిషి తను. పైకి అనలేదు. అమ్మకు వినిపించిందేమోనన్న అనుమానం మాత్రం పోలేదు.

"రాసెయ్యి, ఏమైతది?" అన్నాడు శాంసన్. "అయితే ముందుగాల వాన్నడుగు. వాని సంగతి కద."

శనివారం పొద్దున జాషువా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. షైని వచ్చి ఎదురుగా కూర్చుని రెండు కాయలు చేతిలోకి తీసుకుంది.

"జాషువా, నేనొక వ్యాసం రాస్తున్న కద. అండ్ల నీ సంగతి ఒక్క ముక్క రాయాల్నంటున్నరు. రాయాల్నా, వద్దా?"

"నా పేరేస్తవా?"

"లేదు. నాకొక తమ్ముడున్నడు, ఆయనకు ఈ బీమారుంది, నేనే చూసుకుంట అని."

వాడు ఈనె తీయడం ఆపలేదు. "ఎవలు చదువుతరు?"

"డాక్టర్లు. నా అసొంటోళ్లు. మా కాలేజీల గూడ చదువుతరు."

"వాళ్లకు తెల్వదా?"

"తెల్వదు. నేను చెప్పలే."

జాషువా ఇంకో నాలుగు కాయలకు ఈనెలు తీశాడు. మాటకూ మాటకూ మధ్య ఎప్పుడూ అంతసేపు తీసుకుంటాడు. షైనికి అలవాటే. కానీ ఆ రోజు ఆ సందు పొడుగ్గా తోచింది.

"నాతోని బేజారైతవా అక్కా?"

ఏ వార్డులోనైనా, ఏ తరగతిలోనైనా ఇలాంటి ప్రశ్నకు ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. ఆ జవాబులన్నీ పక్కన పెట్టింది.

"అయిత," అంది. "రోజూ కాదు. అయిత."

జాషువా తల ఊపాడు. "నేను గూడ అయిత. నోరు తెర్వు, నోరు తెర్వు అంటవ్ సూడు, అప్పుడు." తీసిన ఈనెలన్నీ ఒక పక్కకు నెట్టాడు. "రాయి. తమ్ముడున్నడని రాయి. మంచిగ కుర్చీలేస్తడని గూడ రాయి."

"అంత చోటివ్వరు రా," అని షైని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగి కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి చిక్కుడుకాయలు కడగడానికి పోయింది.

సోమవారం ఆ వాక్యం రాసి శ్రీనివాస్ గారికి చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇన్నేండ్లు చెప్పలేదేంది మేడం?"

"చెప్పబుద్ధి కాలేదు సార్. మానసిక రోగం పాఠం చెప్పే మేడం ఇంట్లనే ఆ రోగమున్నదని అంటరని."

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. దాన్ని మళ్లీ పెట్టుకుని, "పంపెయ్యండి," అన్నాడు. అటు తర్వాత సెలవు రోజుల పరీక్షా డ్యూటీలు ఆమెకు వేయలేదు.

జర్నల్ వాళ్లు ఇంకోసారి తిప్పిపంపారు. ఈసారి ఆరువందల మాటలు తగ్గించమన్నారు. ఎవరి మాట కోయాలో తేలక మూడు రోజులు కొట్టుకుని, చివరికి ఉపోద్ఘాతంలో తన మాటలే ఎక్కువగా కోసేసింది. నర్సమ్మ మాట ఉంచింది. యాష్ట అన్న మాటను తెలుగులో ఎలా పలుకుతారో అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, విసుగూ అలసటా కలిసిన మాట అని పక్కన ఒక వాక్యంలో చెప్పింది. అచ్చులో నర్సమ్మకు పేరుండదు, ఏడో నంబరు అని ఉంటుంది. ఆ ముక్క చెప్పడానికి పోతే నర్సమ్మ, "ఏడైతే ఏంది, ఎనిమిదైతే ఏంది. అనంది మాత్రం రాయకు," అంది.

వ్యాసం తీసుకున్నామన్న మెయిల్ ఒక మంగళవారం వచ్చింది. ఆ రోజు షైని సెలవు పెట్టి జాషువాను నెలవారీ చూపుకు ఆసుపత్రికి తీసుకుపోయింది. మాత్రలిచ్చే కిటికీ ముందు వరుసలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఫోను మోగితే తీసి చూసింది, మళ్లీ చదివింది. మూడేళ్ల పని. గంతులేయాలనిపిస్తుందని ఎప్పుడో అనుకుంది. ఎక్కడైనా ఇంత చోటు దొరికితే కూర్చోవాలని మాత్రమే అనిపించింది.

"తీసుకున్నరు రా," అంది.

"ఏంది?"

"వ్యాసం. అచ్చేస్తరట."

"మంచిదే," అన్నాడు జాషువా. మడమలెత్తి ముందుకు చూశాడు. "ఇంక పదకొండు మందున్నరు. నువ్వు పోయి గోడ పొంటి కూసో అక్కా. నేను నిలబడ్త."

షైని మాత్రల చీటీ వాడి చేతికిచ్చి, పోయి గోడ పక్కన అరుగు మీద కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది.