వసారాలో కూర్చోబెట్టిన ఆదివారం

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క నన్ను తన గదిలోంచి బయటికి పంపించి, నా కూతుర్ని మాత్రం లోపలే ఉంచుకుని తలుపు వేయించింది.

"చెల్లీ, నువ్వు కాసేపు వసారాలో కూర్చో. పిల్లా నేనూ మాట్లాడుకోవాలి."

"నేనుంటే ఏమైందక్కా?"

"నువ్వుంటే ఇది ఇంటర్వ్యూ అవుద్ది," అంది.

మా అమ్మాయి నవ్వింది. వేసవి తర్వాత దాని నవ్వు వినడం అదే మొదలు. ఆ నవ్వు నా మీద. లేచి బయటికి వచ్చాను.

అక్క నాకు తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. పామర్రు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. క్లోమంలో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకిందని, మందులతో కొన్ని నెలలు నెట్టుకురావచ్చు తప్ప నయం కాదని విజయవాడ డాక్టరు చెప్పాడు. ఆ నెలలేవో ఇంట్లోనే గడుపుతానని ఆమె పామర్రు వచ్చేసింది. అప్పటినుంచి ఆ ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మొదట్లో పలకరింపుకి వచ్చారు. తర్వాత పలకరింపు పేరు చెప్పి, తమ మాట చెప్పుకోవడానికి వచ్చారు.

నేను వసారాలోకి వచ్చేసరికి బావగారు బత్తాయిలు వలుస్తున్నారు. ఆయనకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. అక్క మంచం పట్టాక గుమాస్తాకి వదిలేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు.

"నిన్ను కూడా తోలేసిందా?" అన్నారు తలెత్తకుండా. "నిన్న నన్నూ ఇట్టాగే తోలింది. ఎవరో పాత స్టూడెంటు వచ్చాడులే. ఇన్నేళ్లు కాపురం చేశా, నాకు చెప్పని మాటలు ఆళ్లకేం చెప్తావే అని అడిగితే, ఆటోనగర్లో బేరాలన్నీ నువ్వు నాకు చెప్పావా అంది."

నాకు నవ్వు రాలేదు. మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. లోపలినుంచి అక్క గొంతు వినిపించడం లేదు. మా అమ్మాయి గొంతే సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. ఇంట్లో నాతో రెండు ముక్కలకు మించి మాట్లాడని పిల్ల అక్కడ ధారగా మాట్లాడుతోంది.

దానికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎండలు ముదిరిన రోజుల్లో రెండు సూట్‌కేసులతో విజయవాడ గుణదలలో మా ఇంటి ముందు ఆటో దిగింది. "మానేశానమ్మా" అంది. ఎందుకంటే "ఊరికే" అంది. మా ఆయన రెండో రోజుకి అడగడం మానేశారు. నా వల్ల కాలేదు. బతుకంతా పత్రికలో పనిచేశాను. నోరు విప్పని ఆఫీసర్ల చేత, ఏడుపు తప్ప మాట రాని ఆడవాళ్ల చేత కూడా మాట్లాడించాను. ఆ విద్యలన్నీ మా అమ్మాయి మీద వాడాను. ఎదురుగా అడిగాను, పక్కనుంచి అడిగాను, కాఫీ ఇచ్చి అడిగాను. దాని స్నేహితురాళ్లకు ఫోన్ చేశాను. ఆ సంగతి తెలిశాక అది నాతో మాట్లాడటం ఇంకా తగ్గించింది. అన్నం కెలికి లేచిపోయేది. పగలు కూడా గది తలుపు వేసుకుని పడుకునేది. అక్కను చూసి రావడానికి మాత్రం ప్రతి ఆదివారం తనే కారు తీసేది.

పామర్రు నుంచి వచ్చేటప్పుడల్లా ఏదో ఒక మాట మోసుకొచ్చేది. "కొత్త చీర బీరువాలో పెట్టి చూసుకోవద్దంటమ్మా, కట్టుకుని వంట చెయ్యాలంట." "నొప్పిగా ఉన్నప్పుడు ఎవర్నీ ఏమీ అనకూడదంట. నొప్పి పోయినా ఆ మాట పోదంట." "ఎవరైనా సాయం చేస్తానంటే వద్దనకుండా ఒక పని చెప్పాలంట. లేకపోతే వాళ్లకి ఎక్కడ నిలబడాలో తెలీదంట."

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ మాటలు గులాబీ పూల బొమ్మల మీద అచ్చయి తిరిగేవి. ఆడవాళ్ల పేజీలో నా కాలమ్ ఏళ్ల తరబడి నడిచింది. అందులో వీటికి తీసిపోయే మాటలేమీ లేవు. కొత్త చీరల మీదే ఒక వారం రాసిన గుర్తు. మా చుట్టాల్లో ఒక్కరికైనా అందులో ఒక వాక్యం నోటికి రాదు. చావు దగ్గరికొస్తే తప్ప మనుషులు వినరు కాబోలు అనుకున్నాను. అనుకుని, ఆమె మాటకు దొరికిన ఆ విలువ చూసి అసూయపడ్డాను. ఆమె నొప్పి నాకు అక్కర్లేదు. ఆమె మంచం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో నా కూతురు కూర్చునే తీరు మాత్రం కావాలి. మోకాళ్లు దగ్గరికి లాక్కుని, గడ్డం వాటి మీద ఆనించి కూర్చునేది. చిన్నప్పుడు నా ముందు అలా కూర్చునేది.

అక్క తను చెప్పినట్టే చేసేది. ఒళ్లు చిక్కి జాకెట్లు వదులైపోయినా రోజుకొక పట్టుచీర కట్టించుకుని పడుకునేది. ఆ ఆదివారం కట్టుకున్నది ఆవపూల రంగు చీర. దాని మీద బార్లీ నీళ్ల మరక.

తలుపు తీసుకుని మా అమ్మాయి బయటికి వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేరుగా వంటింట్లోకి వెళ్లి, గిన్నెలో మిగిలిన పులిహోర మొత్తం నిలబడే తినేసింది. అది అలా తిని ఎన్నాళ్లయిందో. సంతోషించవలసిన సమయం. ఆ ముద్ద నా ఇంట్లో దిగలేదు కదా అన్నదే నాకు ముందు తోచింది.

తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దాటేదాకా ఓపిక పట్టాను.

"ఏం చెప్పింది మీ పెద్దమ్మ?"

"పట్టుచీర కట్టుకోమంది."

"అంతేనా?"

"అమ్మా, డ్రైవింగ్ చేస్తున్నాను."

కంకిపాడు దగ్గర ట్రాఫిక్ ఆగింది. అప్పుడు కూడా డ్రైవింగే చేస్తున్నట్టు అద్దంలోంచి ముందుకే చూస్తూ కూర్చుంది.

ఆ గురువారం ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి నేనొక్కదాన్నే పామర్రు వెళ్లాను. విలేకరులకు ఒక ఎత్తు ఉంటుంది. విషయం తెలియకపోయినా తెలిసినట్టు మాట్లాడితే, ఎదుటివాళ్లు మిగతాది వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు. చాలామంది దగ్గర పారింది.

కొబ్బరినీళ్లు చెంచాతో తాగిస్తూ, మామూలుగా అన్నట్టు అన్నాను. "అమ్మాయి అంతా చెప్పిందిలే అక్కా. మనసు తేలికైంది."

అక్క ఇంకో రెండు చెంచాలు మింగింది. "చెప్తే నువ్వు బస్సెక్కి ఎందుకొస్తావే?" అంది.

చెంచా గ్లాసులో పడేశాను. "దాని తల్లిని నేను. నాకు తెలియాలా వద్దా?"

"ఆ కలెక్టరాఫీసు కథ ఒకసారి చెప్పు."

"ఇప్పుడెందుకది?"

"చెప్పు, నీ నోటితో వినాలనుంది. ప్రతి పెళ్లిలో చెప్పావుగా."

అది నా కథే. ఒక చిన్న ఉద్యోగి నన్ను నమ్మి ఆఫీసులో జరిగే అవకతవకల సంగతి చెప్పాడు. వార్త వచ్చాక, చెప్పిందెవరని అక్కడి పై అధికారులు నన్ను కూర్చోబెట్టి అడిగారు. పేరు చెప్పకుండా లేచి వచ్చేశాను. పత్రికలో పనిచేసేవాళ్లకు అది మామూలు నియమం. మా చుట్టాల మధ్య మాత్రం నేను దాన్ని కాస్త గొప్పగానే చెప్పుకునేదాన్ని.

"అది ఉద్యోగం అక్కా."

"ఇది నా ఉద్యోగం. ఇప్పుడు నాకింకేం పనుంది?" అని నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి కళ్లు తెరిచి, "ప్రాణం మీదికొచ్చే సంగతేం కాదు. అంతవరకే చెప్తా. బెంగపెట్టుకోకు," అంది.

నాకు అది చాలలేదు. "ఊళ్లోవాళ్లందరికీ ఏదో ఒక మంచిమాట చెప్పావంట. నాకేం లేదా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"నేనేం చెప్పానే? అంతా పుకారు. మాట్లాడితే ఆయాసం. అందుకని ఊరుకుంటున్నా. నేను ఊరుకుంటే ఆళ్లే చెప్పేసుకుంటున్నారు. పోయేటప్పుడు ఏదోటి అనాలిగా అని చీర గురించో నీళ్ల గురించో ఒక ముక్కంటా. ఓపికుంటే నేనూ నీలాగే అడిగేదాన్ని. క్లాసులో ఒక్కణ్ణన్నా ఊరికే వదిలానా?"

ఆమెకు ఓపిక లేకపోవడం మీద కూడా నాకు అసూయ కలిగింది. నాకు మోకాళ్ల నొప్పులు తప్ప ఏ జబ్బూ లేదు. మాట్లాడే శక్తి కావలసినంత ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మిగిలిన కొబ్బరినీళ్లు పట్టించి, సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

వరికోతలు మొదలవకముందే అక్క పోయింది. పెద్దకర్మ అయ్యాక బావగారు బీరువా తెరిచి, ఎవరికి కావలసిన చీర వాళ్లు తీసుకోండమ్మా అన్నారు. నాకు నెమలికంఠం రంగు చీర మీద ఎప్పటినుంచో కన్ను. అది తీసుకున్నాను. మా అమ్మాయి ఆవపూల రంగుది తీసుకుంది. ఉతికినా బార్లీ మరక పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మా అమ్మాయి విజయవాడలోనే ఒక కంపెనీలో చేరింది. వేళకి తింటోంది. సెలవు రోజున ఆ చీర కట్టుకుని పప్పు తాలింపు వేస్తుంది. సాయంత్రాలు బాల్కనీలో పక్కపక్కన కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. నేను ఊరుకుంటాను. నాకది చేతకాని పని. పళ్లు బిగపట్టి చేస్తాను. అది ఆఫీసు కబుర్లు చెబుతుంది, కింద ఇంటివాళ్ల కుక్క సంగతి చెబుతుంది. ఒక్కోసారి "పెద్దమ్మ ఉంటే" అని మొదలుపెట్టి ఆగిపోతుంది. నేను వీధిలోకి చూస్తుంటాను. అది లేచి ఆరిన బట్టలు తీయడానికి వెళ్తుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం ఎందుకు మానేసిందో మా అమ్మాయి నాకింకా చెప్పలేదు.