ముప్పై ఆరో రోజు, సుజాతక్క

నిన్న ఉదయం ట్రామ్‌లో ఉన్నాను. హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. సుజాతక్క పేరు చెప్పి, "మీరు ఆమె చెల్లెలేనా?" అని అడిగారు.

అవునన్నాను.

నిజానికి సొంత చెల్లెల్ని కాను. అడ్మిషన్ ఫామ్‌లో అక్క అలా రాయించింది.

తర్వాత వాళ్ళు చెప్పిన జర్మన్ అంతా అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. చివరి స్టాప్ దాకా అలాగే కూర్చున్నాను.

అక్క డ్రెస్డెన్‌లో మా బిల్డింగ్‌లోనే, పై ఫ్లోర్‌లో ఒక్కతే ఉండేది. ఊరు కరీంనగర్. చిప్ ఫ్యాక్టరీలో ఇంజనీర్. నేను చదువుకోవడానికి ఇక్కడికి వచ్చిన మొదటి వారం, చేతిలో ఏదో జర్మన్ ఉత్తరంతో మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, లాక్కుని చదివింది.

"ఓసి పిచ్చిదానా, అడ్రస్ రాయించుకోనీకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ ఇచ్చిన్రు. దీనికి ఏడుస్తరా? రేపు నేనొస్త తియ్. నడు, అన్నం తిందువు."

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. ఎవరికి ఏ కాగితం వచ్చినా నేనే చదివి చెప్పేదాన్ని. నా కాగితం ఇంకొకరు చదివిపెట్టడం అదే మొదటిసారి.

రెండు నెలల క్రితం అక్కకు పేగు ఆపరేషన్ అయింది. ఐసీయూలో ఉండగా రక్తంలోకి ఫంగస్ చేరింది.

నాన్నకు ఫోన్‌లో చెప్తే, "ఫంగస్ అంటే బూజే గద బిడ్డా? జాడీల తొక్కు మీద పడ్తది, అదేనా? దాంతోని మనిషి పోతడా?" అన్నాడు.

పోతారు నాన్నా. చాలామంది పోతారు.

నా థీసిస్ అదే. ఇలా రక్తంలో ఫంగస్ చేరిన పేషెంట్లలో ఎంతమంది చనిపోయారో పాత రికార్డుల నుంచి లెక్క తీయాలి. ఫంగస్ దొరికిన రోజు నుంచి ముప్పై రోజులు చూస్తాం. ముప్పయ్యో రోజుకి ఉన్నవాళ్ళు "బతికారు" అన్న గడిలోకి వెళ్తారు.

ఇది అక్కకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆ రోజు నుంచి గౌను, మాస్క్ వేసుకుని లోపలికి వెళ్ళగానే ఒకటే ప్రశ్న.

"ఎన్నయినయే?"

పద్దెనిమిది అక్కా.

ఇరవై నాలుగు అక్కా.

ముప్పయ్యో రోజు, రక్తంలో ఫంగస్ కనిపించలేదని రిపోర్ట్ వచ్చింది. చిన్నప్పుడు మా వాడలో అందరి ఆస్పత్రి కాగితాలు చదివినట్టే, మంచం పక్కన నిలబడి గట్టిగా చదివాను. "అక్కా, పాసైనవ్!" అన్నాను.

అక్క నవ్వింది. "అయితే నన్ను మంచి గడిల రాయి. ఇంటికొచ్చినంక నీ చేతి పప్పు తింట. వద్దులే, నువ్వు ఉప్పు మరుస్తవ్. నేనే వండుత."

డాక్టర్ మాత్రం, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. ఆ మాట నేను అక్కకు చెప్పలేదు.

కరీంనగర్‌లో అక్క తమ్ముడికీ చెప్పలేదు. గండం గడిచిందన్నాను. ఆయన నా మాట నమ్మి వీసా పని ఆపాడు. అక్క ఇల్లు చేరాక వస్తానన్నాడు.

మూడు రోజులకే మళ్ళీ జ్వరం.

నిన్న ముప్పై ఆరో రోజు.

ఈ రోజు థీసిస్ ఫైల్ తెరిచాను. మా రూల్ ప్రకారం అక్క "బతికారు" గడిలోనే ఉండేది. ఆ గడిలో అక్కలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో. కిందికి చదువుతూ పోయాను. పేర్లు లేవు.

తమ్ముడికి నిన్ననే నిజం చెప్పాను. నా మాట వల్లే ఆయన రాలేకపోయాడని కూడా. "పోనీ చెల్లె, నువ్వన్న పక్కన ఉన్నవ్ గద" అన్నాడు.

లేను అన్నా. ట్రామ్‌లో ఉన్నాను.

డ్రెస్డెన్‌లో ఉన్నవాళ్ళు అక్కను సాగనంపడానికి రాగలిగితే మెసేజ్ చేయండి. ఇప్పటికి నేను ఒక్కదాన్నే.

అక్కా, ఇక నీ రోజులు ఎవరూ లెక్కపెట్టరు. హాయిగా పడుకో.