సగం అల్లిన కుర్చీ

మా మేనత్త చెయ్యి పడని కుర్చీ మా పేటలో లేదు. కూర్చునే చోట కుంగిపోయిన పేము కుర్చీని ఎవరు తెచ్చి గుమ్మంలో దించినా, ముందు పాత అల్లిక కోసి పారేస్తుంది, తరువాత కుర్చీ యజమానిని తిడుతుంది. "దీని మీదెక్కి బూజు దులిపావు కదూ?" అని ఆమె అడిగితే కాదన్నవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. నలభై ఏళ్లుగా ఆమెది ఇదే పని. ఊరంతా ఆమెను కుర్చీలత్త అంటుంది. చిన్నప్పుడు నేను అదే అసలు పేరనుకునేదాన్ని.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. కుర్చీ చట్రం చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి తడి పేము బద్దలను దూర్చి మొదట నిలువు వరస, తరువాత అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం వేస్తుంది. నాలుగు వరసలూ అయ్యాక చేతులు కడుక్కుని లేచిపోతుంది. బద్దలు ఒక రోజు ఆరి బిగుసుకున్నాకే ఐమూలగా మిగతా రెండు వరసలు. అప్పుడుగాని తేనెపట్టులాంటి గళ్లు ఏర్పడవు, మనిషి బరువుకు అల్లిక ఆగదు. ఈలోగా బద్దలు జారకుండా రంధ్రాల్లో పుల్లలు బిగిస్తుంది. కొసలు కిందికి మూరెడేసి వేలాడుతుంటాయి. ఆ అవతారంలో ఉన్న కుర్చీ పరాయివాళ్ల కంట పడటం ఆమెకు గిట్టదు. అందుకని పాత దుప్పటి కప్పి ఉంచుతుంది.

ఈ దుప్పటి సంగతి నాకు తెలియకపోవడమే కొంప ముంచింది. నేను ఆఫీసు మనిషిని. అత్తకు ఉత్తరాలు రాసిపెట్టడం, ఫోన్లు మాట్లాడటం, అంతవరకే నా సాయం. పట్నంలోని కళాభవనం వాళ్లు ప్రదర్శనకు ఒక కుర్చీ పంపమని అడిగినప్పుడు జవాబు రాసిందీ నేనే. పైఅంతస్తు పెద్ద హాలు కళకట. కింద మెట్ల పక్క గది చేతిపనులకట. అత్త కుర్చీకి ఇచ్చింది కింది గది. "ఏ గదైతేనేం, నా పని నలుగురూ చూస్తారు" అంది అత్త. అని వారం రోజులు కూర్చుని ఒక కుర్చీని అద్దంలా అల్లింది.

కళాభవనం వాళ్ల వ్యాను వచ్చేసరికి అత్త బజారుకెళ్లింది. వసారాలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి గోడవారగా ఊరికే ఉంది. రెండోదానికి భద్రంగా దుప్పటి కప్పి ఉంది. ఇంత భద్రంగా కప్పిందంటే పంపాల్సింది ఇదే అయ్యుంటుందని, దుప్పటితో సహా వ్యానెక్కించి, చేతులు దులుపుకుని, గొప్ప ఘనకార్యం చేసినట్టు టీ పెట్టుకున్నాను.

బజారు నుంచి వచ్చిన అత్త ఖాళీ చోటు చూసి సంచీ అక్కడే వదిలేసింది. "ఏమే, ఆరుతున్న కుర్చీ ఏదీ?" అంది. చెప్పాను. ఆ తరువాత నేను తిన్న తిట్లు ఇక్కడ రాయను.

మర్నాడు ఫోను చేస్తే కళాభవనం నిర్వాహకుడు ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. సన్నపాటి గొంతు ఉన్న మనిషి. "అద్భుతమండీ! ఇది కింది గదిలో ఉండాల్సింది కాదు. పైహాల్లో, సరిగ్గా మధ్యలో పెట్టించాను" అన్నాడు. పొరపాటు జరిగిందని నేను చెప్పబోతే, "కళలో పొరపాటుండదండీ" అని ఫోను పెట్టేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల ఏనుగెక్కినంత సంబరమైంది. పైహాలంటే మాటలా? చుట్టాలందరికీ కబురు పెట్టేశాను.

అత్త మాత్రం పేము బద్దలు ఏరుతూ కూర్చుంది. ప్రదర్శన మొదలయ్యే రోజున ఒక చిన్న బకెట్, పేము బద్దల చుట్ట, కత్తెర సంచీలో పెట్టుకుని, "పద" అంది.

హాలు మధ్యలో తెల్లటి దిమ్మ మీద మా కుర్చీ ఉంది. పుల్లలు అలాగే గుచ్చి ఉన్నాయి, కొసలు అలాగే వేలాడుతున్నాయి, పైనుంచి రెండు దీపాలు. పక్కనే పెద్ద అక్షరాల్లో అత్త పేరు, దాని కింద ఇంత వ్యాసం. "చదవవే" అంది అత్త. చదివాను:

"ఈ కృతి పూర్ణత్వాన్ని ధిక్కరిస్తుంది. వేలాడే తంతువులు ఆసన భావనను ప్రశ్నిస్తూ, శూన్యాన్ని ఒక సంభాషణగా ఆవిష్కరిస్తాయి."

"అంటే?"

"కూర్చోవడానికి పనికిరాదని, అత్తా."

"అది నాకు తెలుసుగా. దానికింత రాయాలా?"

అత్త తన పేరు వంక చాలాసేపు చూసింది. అంత పెద్ద అక్షరాల్లో ఆమె పేరు ఎవరూ ఎన్నడూ రాయలేదు. నా చెవి దగ్గరికి వంగి, "నాకూ ఇక్కడే ఉండాలని ఉందే. ఎందుకు లేదూ? కానీ సగం పని కింద నా పేరుంటే నాకు తల కొట్టేసినట్టుంది" అంది. ఆమె కళ్లు తడిశాయి. నా సంబరం అక్కడికక్కడే చల్లారింది.

లావుపాటి కళ్లజోడు పెట్టుకున్న నిర్వాహకుడు చేతులు జోడించుకుంటూ వచ్చాడు. అత్త సూటిగా, "బాబూ, ఇది పూర్తి కాలేదు. ఒక గంట కూర్చుంటే చేసేస్తాను" అంది.

ఆయన గబుక్కున దిమ్మకు అడ్డం వచ్చాడు. "అమ్మా, అంత పని చేయకండి. పూర్తి చేస్తే ఇది కుర్చీ అయిపోతుంది!"

"కుర్చీయే కదయ్యా!"

"అప్పుడు దీన్ని పైన ఉంచలేనమ్మా. కింది గదికి దించేయాలి. ఆలోచించుకోండి."

"పోనీ నా పేరు తీసేయి."

ఆయన కళ్లు మెరిశాయి. "పేరు లేని కర్త! అది ఇంకా లోతుగా ఉంటుందమ్మా."

ఈ మనిషితో మాటలు అనవసరమని అత్తకు అర్థమైంది. దిమ్మ మీదినుంచి కుర్చీని కిందికి దించి, బకెట్‌లో నీళ్లు పట్టుకు రమ్మని నన్ను తరిమింది. నేలమీద బాసింపట్టు వేసుకుని, తడిపిన బద్దను ఐమూలగా దూర్చడం మొదలుపెట్టింది. జనం మూగారు. ఇదంతా ప్రదర్శనలో భాగమనుకుని ఒకాయన "ఎంత సాహసం!" అన్నాడు. అత్త తలెత్తకుండానే, "సాహసం కాదు నాయనా, నడుం నొప్పి. కాస్త వెలుగు వదిలి నిలబడు" అంది. ఆయన బుద్ధిగా జరిగాడు. గుసగుసలు ఆగిపోయాయి. గళ్లు ఒక్కొక్కటే ఏర్పడుతుంటే, వ్యాసం చదివినప్పుడు ఆవలించిన ముఖాలే మెడలు సాచి చూశాయి. ఆమె పని అంత దగ్గరగా నేను చూడటమూ అదే మొదలు. ఇన్నేళ్లూ పక్కనే ఉండి టీ తాగానని సిగ్గేసింది.

గంటన్నర పట్టింది. అంచు కట్టి, చివరి కొస కత్తిరించి, అత్త లేచి నడుం పట్టుకుంది. నిర్వాహకుడు దిగాలుగా ఇద్దరు పనివాళ్లను పిలిచాడు. "అక్కర్లేదు బాబూ" అని అత్త తానే కుర్చీని చంకన పెట్టుకుని మెట్లు దిగింది. వెనక బకెట్‌తో నేను, నా వెనక కాగితం కలంతో ఆయన, ఆయన వెనక హాల్లోని జనంలో సగం మంది.

కింది గదిలో గుమ్మం పక్కన, పొద్దుటి నుంచి నిలబడే ఉన్న కాపలా మనిషి ఉంది. దాదాపు అత్త వయసే. అత్త కుర్చీని ఆమె ముందు దించి, "కూర్చో వదినా" అంది.

ఆమె నిర్వాహకుడి వంక భయంగా చూసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె ముందు అంచు మీద ఆనుకుంది, తరువాత వెనక్కి జరిగి, బరువంతా వదిలేసి కూర్చుంది. అల్లిక కొంచెం కూడా కిర్రుమనలేదు. "అమ్మయ్య" అంది కళ్లు మూసుకుని.

అత్త నిర్వాహకుడి వైపు తిరిగింది. "ఇప్పుడు రాయి బాబూ, నా పేరు."