పుస్తకంలో బడికొచ్చే పిల్లలు

శుక్రవారం ఆఖరి పీరియడు నీతిబోధ చెయ్యాలని పంచాయతీ సమితి ఆఫీసు నుంచి కాగితం వచ్చిన రోజున మా హెడ్మాస్టరు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నా చేతిలో పెట్టారు. "మీరు తీసుకోండమ్మా. ఆడవాళ్ళకి ఓపికుంటాది" అన్నారు. బడిలో ఉన్నది మేమిద్దరమే కాబట్టి ఇంకెవరికిచ్చే వీలూ లేదు.

అవి అరవైల చివరి రోజులు. విజయనగరంలో మా నాన్నకి బట్టల కొట్టు ఉండేది. ట్రైనింగు అయ్యాక నాకు మొదటి ఉద్యోగం కళింగపట్నానికి రెండు మైళ్ళ ఇవతల ఒక ఊళ్ళో వచ్చింది. ఊళ్ళో సగం వరి పండించే రైతులు, సగం తెప్పలేసుకుని సముద్రం మీదికి పోయేవాళ్ళు. బడి అంటే ఒక పొడుగాటి పెంకుటి గది, మధ్యలో నడుమెత్తు గోడ. అటు హెడ్మాస్టరు నాలుగు, ఐదు తరగతులు చెప్పేవారు. ఇటు మొదటి మూడూ నావి.

నీతిబోధకని ఒక పలచటి పుస్తకం ఇచ్చారు. "సత్యమునే పలుకవలెను. పెద్దలను గౌరవింపవలెను." అన్నీ ఇలాంటి వాక్యాలే. పిల్లలు గొంతెత్తి బట్టీ పెట్టాలి. రెండు వారాలు అలాగే చేయించాను. 'పలుకవలెను' అంటే ఏమిటని అడిగాను. రెండో తరగతివాడొకడు లేచి "పలక మీద రాయాలండి" అన్నాడు.

నాకు విసుగొచ్చింది. మూడో వారం ఆ పుస్తకం మూసేసి, పిల్లల్ని నా చుట్టూ కూర్చోబెట్టుకుని, "అబద్ధమంటే ఏమిటో మీరే చెప్పండి" అన్నాను.

కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత ఒకడన్నాడు, "మా తాత నిన్న వాన రాదన్నాడు. వచ్చింది. మా తాత అబద్ధమాడినట్టేటి?"

"కాదురా, మీ తాతకి తెలీదు" అని పక్కవాడు.

"తెలీకపోతే తెలీదనాల గదా."

ఇంతలో తెప్పలవాళ్ళ కుర్రాడు అందుకున్నాడు. "మా అయ్య సేపలెక్కడ పడ్డాయో ఎవులికీ సెప్పడు. అడిగితే సముద్రం వేపు ఊరికే సెయ్యి సూపిస్తాడు. అది అబద్ధమేటి పంతులమ్మా? నోటితో ఏటీ అన్నేదు గదా."

ఆ పూట నేను ఇంటికి నడిచి వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ట్రైనింగులో రెండేళ్ళు కూర్చున్నా ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి శుక్రవారం కోసం నేనే ఎదురుచూసేదాన్ని.

వాళ్ళల్లో మూడో తరగతి పిల్ల ఒకర్తి ఉండేది. తల్లి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. ఈ పిల్ల ఎక్కువ మాట్లాడేది కాదు. అందరూ చెప్పాక, ఆఖరున, తల దించుకుని అడిగేది. కార్తీకమాసంలో ఒక శుక్రవారం అలాగే అడిగింది.

"పంతులమ్మా, రానోళ్ళని వచ్చినారని రాస్తే అబద్ధమేటి?"

దాని అన్న ఐదో తరగతి. నెల్రోజులుగా ఒడ్డున పెద్దవల లాగడానికి పోతున్నాడు. గోడకి అటు హాజరు పిలుస్తుంటే వాడి పేరు దగ్గర హెడ్మాస్టరు తానే "వచ్చాడు" అనుకుని రాసుకోవడం ఇటు కూర్చున్న మాకందరికీ వినపడుతుంది. వాడొక్కడే కాదు, కోతలకి పోయిన రైతుల పిల్లలు కూడా పుస్తకంలో రోజూ బడికొస్తున్నారు.

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. బడిలో పిల్లలు తగ్గితే రెండో టీచరు పోస్టు ఎత్తేస్తారు. ఆ రెండో టీచర్ని నేనే.

"అది వచ్చే వారం మాట్లాడుకుందాం" అన్నాను. ఆ వచ్చే వారం వేరే సంగతి మొదలుపెట్టాను.

ఆ తర్వాత పది రోజులకి ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా సైకిలు మీద దిగారు. పొద్దున్నే వచ్చి హాజరు పుస్తకం తీసి, ఎదురుగా ఉన్న తలల్ని చూశారు. పుస్తకంలో ఉన్నవాళ్ళలో సగంమంది కూడా లేరు. హెడ్మాస్టరు మెల్లగా, "నిన్నటి దాకా అందరూ వచ్చారండి. ఇవాళే ఎందుకో" అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు ఇటు తిరిగి, ముందు వరసలో ఉన్న ఆ పిల్లని లేపారు. "ఏమ్మా, రోజూ ఎంతమంది వస్తారు మీ బడికి?"

అది నా మొహం చూసింది. తర్వాత ఆయన మొహం చూసి, "ఇంతేనండి" అంది. ఆయన ఊరుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. "మరి ఈ పేర్లన్నీ ఎవరివి?" అన్నారు.

"మా అన్నది కూడా ఉన్నాదండి. ఆడు వల లాగడానికి ఎల్తన్నాడు. బడికి రాటం నేదు. పుస్తకంలో వస్తన్నాడు."

దాని గొంతులో ఫిర్యాదు లేదు. నేను నేర్పినట్టే, అడిగినదానికి తెలిసింది చెప్పింది. ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగి, "ఏమ్మా, నిజమేనా?" అన్నారు.

హెడ్మాస్టరు నా వైపు చూడలేదు. కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడ్డారు. నేను, "చిన్నపిల్లండి. దానికింకా రోజుల లెక్క తెలీదు" అన్నాను.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది. తడుముకోను కూడా లేదు. ఆ పిల్ల నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు గారికి అంతా అర్థమైందనే అనుకుంటాను. కానీ ఒక టీచరు పోస్టు ఎత్తేయించిన పేరు ఆయనకి మాత్రం ఎందుకు. నీతి వాక్యాలు చెప్పించమన్నారు. పిల్లలు "సత్యమునే పలుకవలెను" అని ఒక్క గొంతుతో అరిచారు. నీతిబోధ సంతృప్తికరంగా జరుగుతున్నదని బడి పుస్తకంలో రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

హెడ్మాస్టరు ఆ పిల్లని కొట్టలేదు, తిట్టనూ లేదు. సాయంత్రం పిల్లలు వెళ్ళాక నాతో అన్నారు. "మీ పోస్టు తీసేస్తే మిమ్మల్ని ఇంకో ఊరేస్తారు, అంతే గదా. ఇక్కడ ఐదు తరగతులూ నా ఒక్కడి మీద పడతాయి. అప్పుడు వీళ్ళకి అక్షరమ్ముక్క వస్తాదా? మీరే సెప్పండి. నేను రాసేది అబద్ధమే. దానివల్ల ఎవులికి నష్టం?"

ఆయన దుర్మార్గుడైతే బాగుండేది, కోప్పడి ఊరుకునేదాన్ని. వానాకాలం పెంకులు కారితే తానే పైకెక్కి సర్దుకునే మనిషి ఆయన.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడు తల్లి గంపతోనే వచ్చి, గంప గుమ్మం బయట దించి, లోపలికి రాకుండా నిలబడింది.

"పంతులమ్మా, నా గుంట నిజమే సెప్పిందంట గదా" అంది.

"అవును" అన్నాను.

"మీరు కాదన్నారంట. అదేటో మీ పెద్దోళ్ళ సంగతి, నాకక్కర్నేదు. కానీ నిన్న అన్నం తింటా నన్నడిగింది. అమ్మా, నాకు రోజులు తెలీవేటి, అన్న ఎల్తన్నది నిజిం కాదేటి అని. దానికేటి సెప్పాల నాను?"

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో అని ఉండేదాన్ని. నేను ఇన్‌స్పెక్టరుకి ఒక అబద్ధం చెప్పాననుకున్నాను. ఆ పిల్ల మాత్రం కళ్ళారా చూసినదాన్నే అనుమానించుకుంటూ రెండు రోజులు ఇంట్లో కూర్చుంది. "రేపు బడికి పంపించమ్మా, నేను చెప్తాను" అన్నాను.

శుక్రవారం దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే ఆ పిల్లని పక్కన నిలబెట్టుకుని, పిల్లలందరి ముందూ, "ఆ రోజు తప్పు మాట చెప్పింది నేను. దీనికి రోజులు బాగానే తెలుసు" అన్నాను.

తెప్పలవాళ్ళ కుర్రాడు అడిగాడు, "మరి ఇన్‌స్పెక్టరుగోరికి సెప్పేస్తారేటి?"

"చెప్పను."

"ఏటికి?"

"చెబితే నన్ను ఇక్కణ్ణించి తీసేస్తారు."

దాని మీద వాళ్ళు ఎంతసేపు వాదించుకున్నారో. చెప్పాలని కొందరు, పంతులమ్మ పోతే మనకెవరు చెప్తారని కొందరు. రైతుల పిల్ల ఒకర్తి, "అన్నలందరూ బడికొచ్చేస్తే అబద్ధం రాయక్కర్నేదు గదా" అంది. మరి వల ఎవరు లాగుతారని ఇంకొకడు. అంతకన్నా మంచి పాఠం నా ఉద్యోగంలో మరొకటి జరగలేదు. అది విని సంతోషించే స్థితిలో నేను లేను. చాక్‌పీసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల వాళ్ళ వాదన అంతా తల దించుకుని వింది.

గోడకి అటు హెడ్మాస్టరూ విన్నారు. మరుసటి వారం నుంచి నా పిల్లలకి నీతిబోధ తాను తీసుకుని, తన తరగతుల చేతిపనులు నాకు ఇచ్చారు. ఆ పీరియడు తిరిగి ఇమ్మని రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన, "ఇప్పుడు బాగానే ఉంది గదమ్మా, ఎందుకు కదుపుతారు" అన్నారు. శుక్రవారం మధ్యాహ్నం నేను తాటాకులతో బుట్టలల్లించేదాన్ని. గోడ మీంచి సత్యమునే పలుకవలెనని వినిపిస్తూ ఉండేది.

ఆ పిల్ల లెక్కల్లో చెయ్యెత్తేది, తెలుగులో ఎత్తేది. ప్రశ్నలడగడం మాత్రం మానేసింది. నేను ఎన్నిసార్లు కదిపినా "ఏటీ నేదండి" అనేది.

ఐదో తరగతి అయిపోయిన రోజున టీసీ కాగితం తీసుకోవడానికి తల్లితో వచ్చింది. అప్పటికి నాకూ బదిలీ కాగితం వచ్చింది. తల్లి హెడ్మాస్టరు దగ్గర వేలిముద్ర వేస్తుంటే, దాన్ని పక్కకి పిలిచి, "నా మీద కోపముందా?" అని అడిగాను.

"నేదు పంతులమ్మా" అంది వెంటనే.

అది నిజమో, నేను నొచ్చుకోకూడదని అన్నదో నాకు తెలియలేదు. అలా అనడం ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం తెలుసు. అడక్కుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.