పెన్సిల్ చెట్టు

అమీర్‌పేట హాస్టల్లో నా రూమ్మేట్ ఒక బొమ్మల కథ గీసేవాడు. నీళ్లు అడుగంటి, మనుషులు పోయాక మిగిలిన హైదరాబాద్ అది. ఇసుకలో కూరుకుపోయిన మెట్రో స్తంభాలకూ, కూలిన పంజాగుట్ట ఫ్లైఓవర్‌కూ నల్ల ఇంకు పెట్టేశాడు. మా కిటికీ ముందున్న కానుగ చెట్టును మాత్రం పెన్సిల్ గీతల్లోనే ఉంచాడు. రోజూ పొద్దున్నే బయటికి చూసి, రాలిన ఆకులు చెరిపి, కొత్త చిగుళ్లు గీసేవాడు.

"దీనికెప్పుడు పెడతావయ్యా ఇంకు?" అని విసుక్కున్నాను.

"ఇంకు పెడితే అయిపోయినట్టే అన్న. గా చెట్టు ఇంకా పెరుగుతనే ఉన్నది గద, జర ఆగు."

ఆ వేసవిలోనే హాస్టల్ ఓనర్ బండ్ల పార్కింగ్ కోసం చెట్టు కొట్టించాడు. రంపం చప్పుడు ఆగేదాకా నా రూమ్మేట్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. తర్వాత వచ్చి, చెట్టున్న పేజీ ముందేసుకుని, ఇంకు సీసా మూత తీశాడు.